సొరోరిటీ చాప్టర్ గార్డ్ పిన్ రివ్యూ: బంగారం సంగతి తర్వాత, ముందు అక్షరం చూసుకోండి

అమెరికా కాలేజీల్లో సొరోరిటీ (ఆడపిల్లల సంఘం) సభ్యురాలు పెట్టుకునే బ్యాడ్జి పక్కన ఇంకో బుల్లి పిన్ను కనిపిస్తుంది. రెండింటినీ కలుపుతూ సన్నటి గొలుసు ఉంటుంది. ఆ చిన్న పిన్ను మీద ఉండేది ఒకటో రెండో గ్రీకు అక్షరాలు, అంతే. దాన్నే చాప్టర్ గార్డ్ అంటారు. బ్యాడ్జి చూస్తే ఏ సంస్థో తెలుస్తుంది. గార్డ్ చూస్తే ఆ సంస్థలో ఏ కాలేజీ శాఖో, అంటే ఏ చాప్టరో తెలుస్తుంది. దీనికి ఇంకో పని కూడా ఉంది. బ్యాడ్జి సూది ఊడినా గార్డ్ సూది బట్టను పట్టుకునే ఉంటుంది కాబట్టి బ్యాడ్జి ఎక్కడో జారి పోదు. పావు అంగుళం ఎత్తు కూడా ఉండీ లేనట్టుండే వస్తువు ఇంత పని చేస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది కొనదగ్గ వస్తువే. బాగా చేసిన గార్డ్ బ్యాడ్జి ఉన్నంత కాలమూ ఉంటుంది. కొన్నవాళ్లకు వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం అక్షరాల దగ్గర వస్తాయి, లోహం దగ్గర వచ్చేవి తక్కువ. చాప్టర్ పేరు ఎలా పెట్టారో తెలియకుండా ఆర్డరు ఇస్తే, మేలిమి పనితనంతో చేసిన తప్పు పిన్ను ఇంటికొస్తుంది. పేరు చెక్కిన వస్తువు కాబట్టి చాలామంది అమ్మకందార్లు వెనక్కి కూడా తీసుకోరు. అందుకే ఈ రివ్యూలో సగం పేర్ల గురించే.

గ్రీకు అక్షరాల పద్ధతి 1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టిన ఫై బీటా కప్పాతో మొదలైంది. దాని శాఖలకు రాష్ట్రాన్ని బట్టి పేర్లు పెట్టారు. ఒక రాష్ట్రంలో మొదటి శాఖ ఆల్ఫా. అలా హార్వర్డ్‌లోది ఆల్ఫా ఆఫ్ మసాచుసెట్స్, యేల్‌లోది ఆల్ఫా ఆఫ్ కనెక్టికట్. ఆడపిల్లల సంస్థల్లో ఇదే దారి పట్టింది పై బీటా ఫై. 1867లో ఇల్లినాయ్‌లోని మన్మత్ కాలేజీలో ఐ.సి. సొరోసిస్ పేరుతో మొదలై, 1888లో గ్రీకు పేరు తీసుకుంది. దాని మొదటి శాఖ ఇల్లినాయ్ ఆల్ఫా, మరుసటి ఏడు అయోవా వెస్లియన్‌లో పెట్టింది అయోవా ఆల్ఫా. ఈ సంస్థలో ఆల్ఫాలు ఒకటి కాదు, రాష్ట్రానికొకటి ఉంటాయి. కాబట్టి ఆల్ఫా అనే ఒక్క అక్షరమున్న గార్డ్ పెట్టుకుంటే ఎదుటివాళ్లకు రాష్ట్రం తెలియదు. ఇలాంటివాళ్లు వెనకవైపు రాష్ట్రం పేరు చెక్కించుకోవడం మంచిది. చెక్కడానికి చోటు ఒంటి అక్షరం గార్డ్ వెనక చాలా తక్కువ, అందుకని చోటు ఎంతుందో ముందే అడగాలి.

మిగతా సంస్థల్లో ఎక్కువ భాగం వరస పద్ధతినే పాటించాయి: మొదట పుట్టింది ఆల్ఫా, రెండోది బీటా, మూడోది గామా. 1870లో ఇండియానాలో ఇప్పటి డిపా యూనివర్సిటీలో మొదలైన కప్పా ఆల్ఫా తీటా అలాగే నడిచింది. 1872లో సిరక్యూస్‌లో మొదలైన ఆల్ఫా ఫై కూడా అంతే. దాని బీటా చాప్టర్ నార్త్‌వెస్టర్న్‌లో వెలిసింది. ఇంతవరకు తేలికే.

తేలిక కానివి తర్వాత వస్తాయి. సిగ్మా కప్పా 1874లో మెయిన్ రాష్ట్రంలోని కోల్బీ కాలేజీలో మొదలైంది. చాప్టర్‌కి 25 మందే అని హద్దు పెట్టుకున్నారు. అది నిండగానే అదే కాలేజీలో బీటా, అదీ నిండాక గామా పెట్టారు. అంటే ఆల్ఫా, బీటా, గామా మూడూ కోల్బీవే. బోస్టన్ యూనివర్సిటీకి డెల్టా వచ్చింది. కై ఒమేగా 1895లో ఆర్కన్సా యూనివర్సిటీలో పుడితే, అక్కడి తల్లి చాప్టర్ పేరు సై. ఆల్ఫా కోసం వెతికేవాళ్లు అక్కడే తప్పులో కాలేస్తారు. ఆల్ఫా ఒమిక్రాన్ పై సంగతి ఇంకా వేరు. 1897లో న్యూయార్క్ బర్నార్డ్ కాలేజీలో ఆల్ఫా, 1898లో న్యూ ఆర్లియన్స్‌లోని న్యూకమ్‌లో పై, 1900లో న్యూయార్క్ యూనివర్సిటీలో నూ, 1902లో టెనెస్సీలో ఒమిక్రాన్. తన పేరులోని మూడక్షరాలనూ మొదటి నాలుగు చాప్టర్లలోనే వాడేసుకుంది. ఇక్కడ వేళ్లు మడిచి లెక్కపెడితే ఏ అక్షరమూ తేలదు.

గ్రీకు అక్షరాలు 24. అవి అయిపోయాక రెండక్షరాల పేర్లు మొదలవుతాయి. అయితే రెండో వరసను ఎక్కడ మొదలుపెట్టాలన్నది సంస్థ ఇష్టం. కప్పా ఆల్ఫా తీటా ఆల్ఫాను ముందు పెట్టుకుంది: 1891లో స్వార్త్‌మోర్‌కి ఆల్ఫా బీటా, 1892లో ఒహాయో స్టేట్‌కి ఆల్ఫా గామా. కప్పా కప్పా గామా బీటాను ముందు పెట్టుకుంది. ఆల్ఫా ఫై కూడా బీటాతోనే రెండో వరస ఎత్తుకుంది, ఇల్లినాయ్ యూనివర్సిటీలో దాని చాప్టర్ బీటా ఆల్ఫా. గార్డ్ ఆర్డరు ఇచ్చేటప్పుడు ఇది గుర్తుండాలి. ఆల్ఫా బీటా, బీటా ఆల్ఫా రెండు వేర్వేరు పేర్లు. అక్షరాలు తారుమారైతే గార్డ్ ఇంకో కాలేజీది అయిపోతుంది.

ఒకే ఆవరణలో పేర్లు ఎంత దూరదూరంగా ఉంటాయో చూడాలంటే ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీని తీసుకోండి. అక్కడ పై బీటా ఫై చాప్టర్ టెక్సస్ ఆల్ఫా, కప్పా కప్పా గామాది బీటా జై, కప్పా ఆల్ఫా తీటాది ఆల్ఫా తీటా, కై ఒమేగాది అయోటా, జీటా టౌ ఆల్ఫాది కప్పా, డెల్టా డెల్టా డెల్టాది తీటా జీటా, ఆల్ఫా ఫైది ఒమేగా. ఈ జాబితాలో ఒక్క అక్షరం గార్డ్ కావాల్సినవాళ్లూ ఉన్నారు, రెండక్షరాలది కావాల్సినవాళ్లూ ఉన్నారు. హాస్టల్ గదిలో పక్క మంచం స్నేహితురాలి ఆర్డరు చూసి మనది నింపేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. పైగా కొన్ని పేర్లు వినడానికే మెలిక పెడతాయి. ఆల్ఫా ఫై సంస్థ ఒమేగా చాప్టర్ అని ఫారంలో ఒకే గడిలో రాస్తే "ఆల్ఫా ఫై ఒమేగా" అవుతుంది. ఆ పేరుతో 1925లో మొదలైన సేవా సంస్థ ఒకటి విడిగా ఉంది. కప్పా ఆల్ఫా తీటా ఆల్ఫా తీటా అని రాస్తే, ఎవరో పొరపాటున రెండుసార్లు టైపు చేశారనుకుని ఒకటి కొట్టేస్తారు. సంస్థ పేరుకీ చాప్టర్ పేరుకీ ఫారంలో విడివిడి గడులు లేకపోతే, మధ్యలో "చాప్టర్:" అని రాసి పెట్టండి.

మూతపడి మళ్లీ తెరిచిన చాప్టర్లకు మామూలుగా పాత అక్షరమే తిరిగి వస్తుంది. దానికి మినహాయింపుల్లో చక్కనిది మన్మత్‌లోనే ఉంది. కప్పా కప్పా గామా 1870లో అక్కడే పుట్టింది. ఆ ఆల్ఫా చాప్టర్ 1884లో మూతపడింది, 1934లో తిరిగి తెరిచినప్పుడు ఆల్ఫా డ్యూటెరాన్ (అంటే రెండో ఆల్ఫా) అని పేరు పెట్టారు. పేరులో డ్యూటెరాన్ ఉన్నవాళ్లు గార్డ్ మీద దాన్ని చూపిస్తారా, చూపిస్తే ఎలా చూపిస్తారు అన్నది డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మూతపడిన చాప్టర్ అక్షరాన్ని వేరే కాలేజీకి ఇవ్వకపోవడమే ఎక్కువగా కనిపించే పద్ధతి. జార్జియాలోని వెస్లియన్ కాలేజీ 1914లో సొరోరిటీలను ఎత్తేసింది. అక్కడ పుట్టిన ఫై మ్యూకి ఆల్ఫా చాప్టర్ అంటే ఇప్పటికీ వెస్లియన్‌దే.

చదువు అయ్యాక చేరే చాప్టర్ల లెక్క పూర్తిగా వేరు. హోవర్డ్ యూనివర్సిటీలో 1908లో మొదలైన ఆల్ఫా కప్పా ఆల్ఫాలో పట్టభద్రుల చాప్టర్ల పేర్లు ఒమేగాతో ముగుస్తాయి. వాషింగ్టన్‌లో జై ఒమేగా. షికాగోలో తీటా ఒమేగా. జీటా ఫై బీటాలో చివర జీటా, సిగ్మా గామా రోలో చివర సిగ్మా వస్తుంది. డెల్టా సిగ్మా తీటాలో అలమ్నే (పట్టభద్రుల) చాప్టర్లకు ఊరి పేరే పేరు. ఆల్ఫా కప్పా ఆల్ఫాకు వెయ్యికి పైగా చాప్టర్లున్నాయి, రెండక్షరాల పేర్లు ఎన్ని కలిపినా 576కి మించవు. అందుకే మూడక్షరాల పేర్లు అవసరమయ్యాయి. మూడక్షరాల గార్డ్ కేటలాగులో దొరకడం కష్టం, ప్రత్యేకంగా చేయించుకోవాలి. అసలు బ్యాడ్జి పక్కన గార్డ్ పెట్టుకునే ఆచారం అన్ని సంస్థల్లో ఒకేలా లేదు. నియమాలు చూసుకున్నాకే కొనండి. కొన్ని సంస్థల్లో ఒమేగాను కన్నుమూసిన సభ్యుల కోసం కేటాయించారు. అలాంటిచోట బతికున్న చాప్టర్‌కి ఆ ఒంటి అక్షరం ఉండదు. అందంగా ఉందని ఒమేగా గార్డ్‌ను కానుకగా కొనేవాళ్లు ఇది గమనించాలి.

మన పిల్లలు ఎక్కువగా చేరే దక్షిణాసియా సొరోరిటీల గురించి ఒక ముక్క. 1998లో హ్యూస్టన్ యూనివర్సిటీలో మొదలైన డెల్టా ఫై ఒమేగా, అదే ఏడు ఆస్టిన్‌లో మొదలైన కప్పా ఫై గామా లాంటి సంస్థల్లో చాప్టర్‌కే కాదు, ఒక్కో విడతలో చేరిన బృందానికి కూడా గ్రీకు అక్షరంతో పేరు పెట్టడం వాడుక. "మాది బీటా క్లాస్" అని అమ్మాయి అంటే అది చాప్టర్ పేరు కాకపోవచ్చు. కానుక కొనే తల్లిదండ్రులూ అక్కాచెల్లెళ్లూ ఏ బీటానో అడిగి తెలుసుకుంటే మంచిది. అలాగే చార్టర్ (చాప్టర్‌గా గుర్తిస్తూ సంస్థ ఇచ్చే పత్రం) ఇంకా రాని కొత్త బృందాలవాళ్లు కాస్త ఆగండి. చార్టర్ మీద పడిన అక్షరమే లెక్క, అంతకుముందు అందరి నోటా నలిగిన అక్షరం కాదు.

ఇక ఆర్డరు. చాప్టర్ పేరుకి నమ్మదగ్గ ఆధారాలు: చార్టర్ కాగితం, సభ్యత్వ కార్డు, సంస్థ ప్రధాన కార్యాలయం దగ్గరున్న జాబితా. టీషర్టు మీద చూసి రాయకండి. పేరును అక్షరాల బొమ్మగానూ, పలికే పేరుగానూ రెండు విధాలా రాయండి. ఎందుకంటే గ్రీకు పెద్దక్షరాల్లో 14 ఇంగ్లిష్ పెద్దక్షరాల్లాగే కనిపిస్తాయి, వాటిలో కొన్ని నిలువునా మోసం చేస్తాయి. ఇంగ్లిష్ హెచ్‌లా ఉండేది ఈటా, పి లా ఉండేది రో, ఎక్స్‌లా ఉండేది కై, వై లా ఉండేది అప్సిలాన్. పై చాప్టర్ అమ్మాయి పొడి అక్షరంగా ఇంగ్లిష్ పి రాసిందనుకోండి, రో గార్డ్ వచ్చి కూర్చుంటుంది. ఈటాకి ఇ అని రాస్తే ఎప్సిలాన్ వస్తుంది. పలికే పేర్లలో వినడానికి ఒకదానితో ఒకటి కలిసిపోయే గుంపులున్నాయి: ఎప్సిలాన్, అప్సిలాన్ ఒకటి. మ్యూ, నూ ఒకటి. సై, జై, కై ఒకటి. ఫోనులో ఆర్డరు చెప్పడం అస్సలు వద్దు. తయారీకి ముందు డిజైన్ బొమ్మ పంపే అమ్మకందారునే ఎంచుకోండి, బొమ్మ వచ్చాక చార్టర్ పక్కన పెట్టి చూడండి.

లోహంలో నాలుగు రకాలు దొరుకుతాయి. 10 క్యారట్ల బంగారంలో బంగారం 41.7 శాతం, మిగతాది రాగి, వెండి లాంటివి. గట్టిగా ఉంటుంది, సన్నటి అంచులు అరగవు. ఈ పరిమాణంలో నా ఓటు దీనికే, ఖర్చు ఎక్కువైనా సరే. గోల్డ్ ఫిల్డ్ అంటే పైన అతికిన బంగారు రేకు బరువు మొత్తంలో కనీసం ఇరవయ్యో వంతు ఉండాలి. ఇది రెండో మంచి ఎంపిక. వర్మే అంటే 92.5 శాతం వెండి మీద కనీసం 2.5 మైక్రాన్ల బంగారు పూత. మామూలు గోల్డ్ ప్లేటెడ్‌లో పూత ఇంకా పలచన, లోపల ఉండేది ఇత్తడి లాంటి లోహం. పూత ముందు పోయేది అక్షరం మీద కాదు, గొలుసు రింగు రాసుకునే చోట. బ్యాడ్జి 10 క్యారట్లదై గార్డ్ పూతదైతే, కొన్నాళ్లకు రెండింటి రంగులో తేడా గొలుసు చివర స్పష్టంగా తెలిసిపోతుంది. రెండూ ఒకే రకంలో తీసుకోండి.

ముత్యాలు పొదిగిన గార్డ్ చూడ్డానికి బాగుంటుంది. ఒక్క అక్షరం గార్డ్‌లో అవి నిజంగా వన్నె తెస్తాయి. రెండక్షరాల దాంట్లో అయితే, ముఖ్యంగా సిగ్మా, జై, సై లాంటి గీతలు ఎక్కువున్న అక్షరాల్లో, ముత్యాల మధ్య అక్షరం రూపం కలిసిపోయి రెండడుగుల దూరం నుంచి చదవడం కష్టం. వాటికి సాదా గార్డే నయం.

వచ్చిన వెంటనే వెనకవైపు తిప్పి చూడండి. గార్డ్ వెనక రెండు రకాల పట్లు ఉంటాయి. ఒకటి, ఒంటి ముల్లు మీద బిళ్ల బిగించేది. రెండోది, అడ్డంగా ఉండే సూది, దాని కొస కొక్కెంలో పడేది. ఒంటి ముల్లు రకం తగిలించడం తేలికే గానీ, గొలుసు లాగినప్పుడల్లా ముల్లు చుట్టూ తిరిగి అక్షరం వాలిపోతుంది. రెండక్షరాల గార్డ్‌లో ఈ వంకర కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అడ్డ సూది రకం కదలదు. కొక్కెం తిప్పి మూసే రకమైతే ఇంకా భద్రం.

గొలుసు రింగు ఏ వైపు ఉందో కూడా చూడాలి. బ్యాడ్జి వైపున ఉన్న అంచుకే రింగు ఉండాలి. లేకపోతే గొలుసు అక్షరం మీదుగా అడ్డం పడుతుంది. గార్డ్ బ్యాడ్జికి ఏ పక్కన ఉండాలో మీ సంస్థ నియమావళిలో చూసి, ఆర్డరులోనే రాయండి. రింగు ఇంకో విధంగానూ పనికొస్తుంది. జీటా, ఈటా, నూ, జై, కై లాంటి అక్షరాలు తలకిందులైనా అలాగే కనిపిస్తాయి. కాబట్టి నూ ఈటా గార్డ్‌ను తలకిందులుగా గుచ్చితే ఈటా నూ అని చదువుకుంటుంది. రింగు ఉన్న వైపు గుర్తుంటే ఈ పొరపాటు జరగదు.

గొలుసు తెగడం అరుదు, రింగు విచ్చుకోవడమే ఎక్కువ. రింగు కొసలు కేవలం నొక్కి వదిలేస్తే, స్వెటర్ దారం తగులుకుని లాగినా చాలు, విచ్చుకుంటుంది. కొసలు అతికించిన రింగు కావాలని అడగండి. తర్వాత అతికించాలంటే మంట పెట్టకుండా లేజర్‌తో చేసే కంసాలి దగ్గరికి వెళ్లండి. మంట వేడికి ముత్యాలూ పూతా రెండూ పాడవుతాయి. గొలుసు బిగుతుగా ఉంటే బట్ట ముడత పడుతుంది, మరీ వదులైతే జుట్టు చిక్కుకుంటుంది. రెండు పిన్నులూ గుచ్చాక గొలుసు కొద్దిగా కిందికి వంగి ఉంటే సరిపోతుంది. పలచటి సిల్కు మీద పెట్టేటప్పుడు లోపలివైపు చిన్న ఫెల్ట్ ముక్క వేయండి, బట్ట చిరగదు.

శుభ్రం చేయడానికి మెత్తటి పొడి గుడ్డ చాలు. ముత్యాలున్నవాటికి అమ్మోనియా కలిసిన ద్రవాలు, వెనిగర్, అల్ట్రాసోనిక్ యంత్రం ఏవీ పనికిరావు. ముత్యం పైపొర కరిగిపోతుంది, లోపలి జిగురు వదులవుతుంది. అత్తరు కొట్టుకోవడం అయ్యాకే పిన్ను పెట్టుకోండి.

పాతది కొనేవాళ్లకు ఈ వస్తువులో ఒక సౌకర్యం ఉంది. గార్డ్ మీద సంస్థ పేరు ఉండదు, చాప్టర్ అక్షరాలే ఉంటాయి. కాబట్టి విడిగా దొరికే గామా గార్డ్ ఏ సంస్థ గామా చాప్టర్ వాళ్లకైనా పనికొస్తుంది. కొత్త పూత గార్డ్ ధర పెట్టే బదులు పాత 10 క్యారట్ల గార్డ్ వెతుక్కోవడం తెలివైన బేరం. సూది వంకర పోయిందేమో, మడత దగ్గర వదులుందేమో, క్యారట్ ముద్ర ఉందో లేదో చూస్తే చాలు. చరిత్ర కోసం కొనేవాళ్లకు మాత్రం ఇదే ఇబ్బంది. బ్యాడ్జి నుంచి విడిపోయిన గార్డ్ ఏ సంస్థదో, మగపిల్లల ఫ్రటర్నిటీదో ఆడపిల్లల సొరోరిటీదో కూడా తేల్చలేం. అమ్మేవాళ్లు ఫలానా సంస్థదని రాస్తే, బ్యాడ్జితో కలిసి గొలుసు ఉన్నప్పుడే నమ్మండి, అప్పుడు కూడా గొలుసు తర్వాత జోడించింది కాదని చూసుకోండి. బ్యాడ్జి వెనక చెక్కిన చాప్టర్ పేరు, తేదీ గార్డ్ మీది అక్షరంతో కలవాలి. ఇంకో మెలిక సంస్థల విలీనాలతో వస్తుంది. డెల్టా జీటా 1941లో బీటా ఫై ఆల్ఫాను, 1956లో డెల్టా సిగ్మా ఎప్సిలాన్‌ను, 1962లో తీటా అప్సిలాన్‌ను తనలో కలుపుకుంది. అలా కలిసినప్పుడు పాత చాప్టర్ అక్షరం కొత్త సంస్థలో అప్పటికే ఇంకో కాలేజీకి ఉంటే, కొత్త పేరు తీసుకోక తప్పదు. ఒకే ఊరి పాత గార్డ్‌లలో రెండు వేర్వేరు అక్షరాలు కనిపిస్తే నకిలీ అనుకుని పక్కన పడేయకండి. విలీనం జరిగిన ఏడాది చూసి, బ్యాడ్జి వెనక తేదీ దానికి ముందుదో తర్వాతదో సరిపోల్చండి.